అడుక్కొచ్చిన గౌను

మూడో అంతస్తు మెట్ల మీద నీళ్ళు కుమ్మరించి, వహీబా గుడ్డని రెండు చేతులా పరిచి గోడ వైపు నుంచి కమ్మీల వైపుకి ఒక్క లాగు లాగింది. మెట్లు కడగడంలో తొందర పనికిరాదు. నీళ్ళ కంటే ముందు నువ్వు దిగావో, కడిగిన మెట్టు మీద నీ కాలి మురికే మిగులుతుంది. అందుకని నీళ్ళని ముందు పంపి, వాటి వెనకాల ఒక్కో మెట్టే వెనక్కి జరుగుతూ దిగాలి. క్లోరిన్ వాసనకి ముక్కు ఎప్పుడో మొద్దుబారింది గానీ వేళ్ళు మొద్దుబారలేదు. కణుపుల దగ్గర చర్మం పగిలి, ఎండిన నిమ్మతొక్కలా ఉంటుంది. నల్లటి అంగీ మీద క్లోరిన్ చుక్కలు పడ్డచోటల్లా ఎర్రటి మచ్చలు. చూసేవాళ్ళకి అవి మరకలు. ఆమెకి అవి ఏ అపార్టుమెంటులో ఎప్పుడు పడ్డాయో గుర్తు.

మెట్ల మలుపు దగ్గర ప్లాస్టిక్ టబ్బులో పిల్లాడు కూర్చుని ఉన్నాడు. నడుముకి ఓ పాత ఓణీ చుట్టి, దాని కొస కమ్మీకి కట్టింది. టబ్బు అంచు పట్టుకుని లేచి నిలబడతాడు, ఒక్క క్షణం ప్రపంచాన్నంతా జయించినట్టు చూస్తాడు, మళ్ళీ చతికిలబడతాడు. ఒంటి మీద వెలిసిపోయిన గులాబీ రంగు గౌను. ఒక కాలికి పచ్చ మేజోడు, ఇంకో కాలికి చారలది. నెత్తిన నాలుగు రకాల ముక్కలు కుట్టిన టోపీ. ఒక్క చెవికే ఇత్తడి పోగు. బుగ్గ మీద మసి. ఆ మసి కిందా, ఆ టోపీ కిందా ఎంత దాచినా దాగని తెల్లటి ఒళ్ళు, గోధుమ రంగు జుట్టు, తేనె రంగు కళ్ళు.

తలుపు తీసుకుని మదామ్ ఐదా బయటికొచ్చింది, చెత్త సంచీ పెట్టడానికి.

“ఒసే వహీబా, నీ కూతురు రోజురోజుకీ వెన్నముద్దలా తయారవుతోందే! ఆ కళ్ళెక్కడివే, సముద్రంలోంచి తోడుకొచ్చావా?”

వహీబా గుడ్డని మళ్ళీ బకెట్టులో ముంచింది.

“ఎక్కడి కళ్ళమ్మా, పుసి కట్టి చస్తోంది. రాత్రంతా జలుబు, ఏడుపు. ఒట్టి కోతిపిల్ల” అంది తలెత్తకుండానే.

“పోనీలే, కోతికి తన పిల్ల జింకపిల్లే” అని నవ్వుకుంటూ మదామ్ తలుపేసుకుంది. వహీబా లేచి వెళ్ళి, బకెట్టు అడుగున వేలు రాసి, ఆ నలుపు పిల్లాడి రెండో బుగ్గకి కూడా పులిమింది. వాడు కిలకిలా నవ్వాడు. నవ్వకురా, ఎవరైనా చూస్తారు అనుకుంది.

ఈ కోతిపిల్లకి ముందు ఇంకా ఇద్దరున్నారు.

వహీబాది దక్షిణాన సొహాగ్ వైపు పల్లె. నల్లరేగడి రంగు. చదువు ఎక్కువ సాగలేదు. చంకలోకి తమ్ముడు ఎక్కగానే చేతిలోంచి పుస్తకం దిగిపోయింది. పెళ్ళి చేసుకున్న రిదా ఉత్తరాన మన్సూరా పక్క మనిషి, తాపీ పని, పాలల్లో ముంచి తీసినట్టుంటాడు. పెళ్ళై అలెగ్జాండ్రియా వచ్చి బాకోస్ సందులో కాపురం పెట్టిన రోజే ఎదురింటి ఉమ్ మీనా నడుం మీద చెయ్యేసుకుని చూసి, “అదేంటమ్మా, రొట్టె మాడిన వైపు నువ్వూ, కాలని వైపు వాడూనా!” అంది. సందంతా నవ్వింది. వహీబా కూడా నవ్వింది. అప్పుడు నవ్వడానికి అడ్డేమీ లేదు.

పుట్టిన పిల్లలందరికీ తండ్రి రంగే వచ్చింది. మొదటిది కరీమా. ఆ పిల్లని చూడ్డానికి సందులో ఆడవాళ్ళు వరస కట్టేవారు. పండక్కి వహీబా తను తినడం మానేసి మరీ తెల్ల లేసు గౌను కొంది. ఆ గౌనులో ఆ పిల్లని చేతులు మార్చుకుంటూ ముద్దులాడారు. ఆ వారం తిరక్కుండానే జ్వరం. రెండోవాడు హసన్. వాడికి జ్వరం కూడా రాలేదు. ఏడుస్తూ ఏడుస్తూ పెదాలు నీలంగా మారేవి, ఊపిరి బిగబట్టేవాడు, మళ్ళీ తీసేవాడు. ఒక రోజు తియ్యలేదు.

ఈ మూడోవాడు పుట్టినప్పుడు అత్తగారు పల్లె నుంచి వచ్చి, మంచం పక్కన కూర్చుని, గొంతు తగ్గించి చెప్పింది.

“ఈసారి కొన్న గుడ్డ వీడి ఒంటికి తగలనివ్వకు. వీధిలోకి వెళ్ళు, చెయ్యి చాపు, అడుక్కో. ఇంటికో పాత గుడ్డ. అడుక్కుని సాకిన పిల్ల అనుకుంటే ఏ చెడ్డ కన్నూ వీడి మీద పడదు. బయట ఆడపిల్ల అని చెప్పు. పేరు షహాతా అని చెప్పు.” అంటే బిచ్చం, బిచ్చంగా వచ్చిన బిడ్డ అని. “వాడంతట వాడు నడిచి గడప దాటేదాకా అంతే. ఇంకోమాట. ఎందుకిలా చేస్తున్నావని ఎవరడిగినా నోరు విప్పకు. విప్పావా, కట్టిన ముడి నువ్వే విప్పినట్టు. మళ్ళీ కొత్త చేతుల దగ్గర మొదలెట్టి అడుక్కోవాల్సిందే.”

అడుక్కుంది. తల వంచుకుని, తనకి తెలిసిన గుమ్మాల ముందే పరాయిదానిలా నిలబడి చెయ్యి చాపింది. గౌను ఉమ్ మీనా ఇచ్చింది, తన మనవరాలిది. ఎందుకని అడగలేదు. చర్చికి వెళ్ళేవాళ్ళైనా మసీదుకి వెళ్ళేవాళ్ళైనా ఆ సందులో పాతకాలపు ఆడవాళ్ళకి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. గౌను చేతిలో పెట్టి, ముద్దు కూడా పెట్టకుండా, మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. అంతకంటే పెద్ద ప్రేమ వహీబా చూడలేదు.

దీన్ని వహీబా నమ్మిందా అంటే, ఏమో. సర్కారు దవాఖానాలో టీకాలన్నీ కూడా వేయించింది. ఆ కార్డు ఇంట్లో పరుపు కింద ఉంది. ఏది కాపాడుతుందో తెలియనప్పుడు తల్లి దేన్నీ వదులుకోదు. రాత్రి దీపం ఆర్పాక మాత్రం వాడి చెవిలో అసలు పేరు చెప్పేది, యాసీన్ అని. గోడకి కూడా వినపడకుండా.

ఇప్పుడు వాడు నిలబడుతున్నాడు. నేడో రేపో అడుగేస్తాడు. గడప దగ్గరికొచ్చింది వ్యవహారం. అందుకే ఆమెకి భయం ఎక్కువైంది. గట్టు దగ్గరకొచ్చాకే కదా కాళ్ళు వణికేది.

రష్దీ పేటలో ఆ మెట్ల పని ముగించి, టబ్బు పనిమనుషుల గదిలో పెట్టి, బకెట్టులో గుడ్డలు కుక్కుకుని, పిల్లాణ్ణి భుజానేసుకుని ట్రామెక్కింది. బాకోస్ అవతల ఇంకో బిల్డింగు మెట్లున్నాయి. పొద్దున మందుల షాపాయన జలుబుకి ఏదో పోసిచ్చాడు. అది వేస్తే వాడు తల వేలాడేసి నిద్రపోయాడు. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. మధ్యాహ్నం ఎండ, ఉప్పుగాలి, ట్రాము ఊపు. వహీబాకి కూడా కళ్ళు మూతలు పడ్డాయి. ఆ ఊపులోనే పిల్లాడి టోపీ జారింది.

ఎదురుగా బూడిద రంగు కోటు వేసుకున్న ఒకావిడ, ఒళ్ళో పరీక్ష పేపర్లు పెట్టుకుని దిద్దుకుంటోంది. బళ్ళో టీచరు, పేరు నెర్మీన్. చెడ్డ మనిషి కాదు. ఈ మాట చెప్పడం కష్టంగా ఉంది గానీ, కాదు. తలెత్తి ఆ గోధుమ రంగు జుట్టు చూసింది. తర్వాత దాన్ని పట్టుకున్న నల్లటి పగుళ్ళ చేతులు చూసింది. మళ్ళీ జుట్టు చూసింది. ఎర్ర పెన్ను మూసేసింది.

“నీ పాపేనా?” అని నవ్వుతూ అడిగింది.

“అవునమ్మా.”

“ఎవరి పోలికో?”

“వాళ్ళ నాన్న పోలికమ్మా.” టోపీ సర్దబోయింది.

“పేరేంటి?”

“షహాతా.”

పక్కన నిలబడి ఫోను చూసుకుంటున్న కాలేజీ పిల్ల, పేరు దాలియా, ఫక్కున నవ్వింది. “పేరడిగితే చేసే పని చెప్తోందేంటి!”

పెట్టెలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. కూరగాయల సంచీతో తలుపు దగ్గర కూర్చున్న లావుపాటావిడ నవ్వలేదు. ముందుకి వంగి పిల్లాణ్ణి పరీక్షగా చూసింది.

“ఇంత రొదలో కదలకుండా ఎలా పడుకుందమ్మా ఇది? తల చూడు ఎలా వేలాడుతోందో.”

“జలుబు చేసిందమ్మా. మందేశాను.”

“ఏం మందు?”

“పేరు తెలీదమ్మా. షాపాయన పోసిచ్చాడు.”

అంతే. పెట్టెలో చూపులు ఒకదాన్నొకటి తాకాయి. తెల్లటి పిల్ల, నల్లటి ఆడది, చింకి గౌను, పేరు తెలియని మందు. ఈ రోజుల్లో ఫోను తెరిస్తే చాలు, పిల్లల్ని ఎత్తుకెళ్ళి, మత్తుమందు పోసి, చంకనేసుకుని అడుక్కునేవాళ్ళ కథలే. చదివినవాళ్ళకి కంటి ముందున్న మనిషి కంటే చదివిన కథే గట్టిగా కనపడుతుంది.

నెర్మీన్ పేపర్లు పక్కన పెట్టింది. గొంతు ఇంకా మెత్తన చేసింది. “ఇలా ఇవ్వమ్మా, కాసేపు నేనెత్తుకుంటాను. పాపం, నువ్వే నిద్రకి తూలుతున్నావు.”

వహీబా ఇచ్చింది. ఎందుకిచ్చిందంటే, సొంత అక్క అడిగినట్టు అడిగింది కాబట్టి. వీడు పుట్టాక ఇంటి బయట ఎవరూ, ఇలా ఇవ్వు నేనెత్తుకుంటా అనలేదు కాబట్టి. ఆ ఒక్క క్షణం ఆమె భుజం తేలికైంది. ఆ తేలికని తల్చుకుని ఆమె తర్వాత చాలాకాలం తనని తానే తిట్టుకుంది.

నెర్మీన్ చేతికి తడి తగిలింది. అలవాటుగా, ఇద్దరు పిల్లల్ని పెంచిన చెయ్యి కదా, గౌను ఎత్తి లోపలి గుడ్డ సర్దబోయింది. ఆమె మొహం పాలిపోయింది.

“ఇది... మగపిల్లాడు!”

“యా రబ్బీ, దేవుడా!” అని లావుపాటావిడ లేచి నిలబడింది. “నేనెప్పుడో అనుకున్నా! గౌనులేసి ఊళ్ళు దాటించేస్తారట. మా చెల్లెలు చెప్పింది.”

“ఇవ్వండమ్మా, నా కొడుకు” అని వహీబా లేచింది.

“కొడుకా? ఇందాక పాప అన్నావుగా?” దాలియా ఫోను నిలువుగా పట్టుకుంది. దాని కన్ను వహీబా మొహం మీదికి తిరిగింది. “చెప్పు, అందరికీ వినపడేలా చెప్పు. మగపిల్లాడికి గౌనెందుకేశావు?”

లోకంలో వెయ్యి ప్రశ్నలున్నాయి. ఊరేది, మొగుడెవరు, కాన్పెక్కడైంది, వీడి ఒంటి మీద పుట్టుమచ్చ ఎక్కడుంది. ఏదడిగినా చెప్పేది. వాళ్ళు అడిగిందీ, వదలకుండా మళ్ళీ మళ్ళీ అడిగిందీ ఆమె నోరు విప్పకూడని ఆ ఒక్కటే.

“చూశారా, నోట్లో మాట లేదు” అంది లావుపాటావిడ.

“పిల్లాడి తండ్రికి ఫోన్ చెయ్యి మరి. ఉంటే!” అంది దాలియా.

చేసింది. రిదా ఎక్కడో తీరం పక్క కొత్త కట్టడాల్లో తొమ్మిదో అంతస్తు గోడకి సున్నం పూస్తూ ఉంటాడు. ఫోన్ కింద, విప్పి పెట్టిన చొక్కా జేబులో ఉంటుంది. దాలియా ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని, తీర్పు చదివినట్టు పెట్టెకంతటికీ చెప్పింది. “ఎత్తట్లేదు.”

కండక్టరు తల లోపలికి పెట్టాడు. “ఏంటమ్మా గోల? దింపండి, దింపండి. పోలీసొస్తాడు, కింద తేల్చుకోండి. నా బండిలో వద్దు.”

ఫ్లెమింగ్ స్టేషనులో దింపారు. ఎవరో ఒకతను పోలీసుని పిలవడానికి వెళ్ళాడు. లావుపాటావిడ వహీబా మణికట్టు పట్టుకుంది. చెడ్డగా కాదు, పారిపోతుందని. బకెట్టు దొర్లి, తడిగుడ్డలు ప్లాట్‌ఫారం మీద పడ్డాయి. నెర్మీన్ పిల్లాణ్ణి గుండెకి హత్తుకుని నాలుగడుగులు దూరం జరిగి నిలబడింది. వాడు లేచాడు. కొత్త మొహం చూసి కెవ్వుమన్నాడు.

“భయం లేదు నాన్నా, భయం లేదు. మీ అమ్మ దగ్గరికి చేరుస్తాం నిన్ను” అని వీపు నిమిరింది నెర్మీన్. నిజంగానే నిమిరింది. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి ఆమెకి. వాడు ఆమె భుజం మీంచి రెండు చేతులూ చాపి మెలికలు తిరుగుతున్నాడు. ఆ రెండు చేతులూ ఎటు చాపి ఉన్నాయో చూడ్డానికి చదువక్కర్లేదు. అక్కడున్న ఆడవాళ్ళందరూ తల్లులో, తల్లుల కూతుళ్ళో. ఒక్కళ్ళూ చూడలేదు. పిల్లాణ్ణి కాపాడే పనిలో పిల్లాడి వైపు చూడ్డం మర్చిపోయారు.

వాడి ఏడుపుకి వహీబాకి పాలు చేపుకొచ్చాయి. గుండెల మీద నల్లగుడ్డ తడిసి, ఆ తడి కిందికి పాకింది. ఆమెకి సిగ్గేసింది. అంతమందిలో, పట్టుకున్న చేతుల మధ్య, కప్పుకోవడానికి చెయ్యి కూడా లేదు.

“అమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటా, ఇవ్వండి. వాడికి ఏడుపు ఆగదు. ఇవ్వండమ్మా.”

“పోలీసు రానీ. నీదైతే నీకే ఇస్తారు. మేమేం తినేస్తామా?” అంది నెర్మీన్. న్యాయమైన మాటే అనిపించింది అందరికీ.

అప్పుడు వాడి ఏడుపు మధ్యలో తెగింది.

నోరు తెరిచే ఉంది. చప్పుడు లేదు. పెదాల చుట్టూ సన్నగా నీలం రంగు. ఆ నీలం వహీబాకి తెలుసు. ఆ నీలాన్ని ఆమె ఒకసారి తన ఒళ్ళో పెట్టుకుని, ఇంకాసేపట్లో పోతుందిలే అనుకుని కూర్చుంది.

గొంతులోంచి వచ్చింది తన గొంతులా లేదు.

“వాడు మగపిల్లాడే! యాసీన్ వాడి పేరు! కరీమా పోయింది, హసన్ పోయాడు, ఇద్దర్నీ నా చేతులతో చుట్టి పంపాను. వీడైనా దక్కాలని గౌనేశాను, అడుక్కొచ్చి వేశాను, ఇంటింటికీ తిరిగి అడుక్కున్నాను! విన్నారా? చాలా? ఇంకా కావాలా? వాడి మొహాన ఊదండి! ఊదవే మొహాన, చచ్చిపోతాడు!”

బెంచీ చివర ఆకుకూర కట్ట ఒళ్ళో పెట్టుకుని ట్రాము కోసం కూర్చున్న ఒక ముసలావిడ అప్పటికే లేచింది. కర్రతో దారి చేసుకుంటూ వచ్చి, నెర్మీన్ చేతుల్లోంచి పిల్లాణ్ణి గుంజుకుని, మొహం మీద ఉఫ్ఫని ఊది, వీపు మీద ఒక్కటి చరిచింది. వాడు ఊపిరి లాగాడు. ఆ లాగిన చప్పుడు ప్లాట్‌ఫారం అంతా వినపడింది.

“ఒక్క చెవికే పోగుంది, కన్ను తగలకుండా పెట్టే పోగు, చూడలేదే?” అంది ముసలావిడ నెర్మీన్‌తో. “ఆ పిల్ల గుండెల మీద తడి చూడలేదే? కళ్ళకి అద్దాలు కూడా పెట్టుకున్నావు, ఏం లాభం!” అని పిల్లాణ్ణి తల్లి చేతుల్లో పడేసింది.

లావుపాటావిడ ఎప్పుడు చెయ్యి వదిలిందో ఎవరికీ తెలియదు. వహీబా బెంచీ మీద కూలబడి, ఓణీ ముందుకి లాక్కుని పాలిచ్చింది. వాడు ఒక చేత్తో ఆమె మెడ దగ్గర గుడ్డ గుప్పిట పట్టుకుని, వెక్కుతూ తాగాడు. ఆమె వాడి పెదాలనే చూస్తోంది. నీలం పోయింది. ఎరుపు వచ్చింది. అయినా చూస్తూనే ఉంది.

చుట్టూ నిలబడ్డవాళ్ళకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాళ్ళు దిగిన ట్రాము ఎప్పుడో వెళ్ళిపోయింది. పోలీసుని పిలవడానికి వెళ్ళినతను మళ్ళీ రాలేదు. దాలియా ఫోను మీద గబగబా వేళ్ళు ఆడించింది. “తీసేశానక్కా. ఒట్టు. గ్రూపులో పెట్టానుగానీ తీసేశాను, ఎవరూ చూసుండరు.” ఏడుపు గొంతు. ఇందాక ఫక్కున నవ్విన గొంతే అది. లావుపాటావిడ ఒంగి, దొర్లిపోయిన తడిగుడ్డలు ఏరి, పిండి, బకెట్టులో వేసింది. మళ్ళీ తీసి మళ్ళీ పిండింది.

నెర్మీన్ రోడ్డు అవతలి దుకాణంలోకి పరుగెత్తి, పరుగెత్తి వచ్చింది. చేతిలో పిల్లల సూటు, నీలం రంగుది, మెరిసే కవరులో. చొక్కా, నిక్కరు, చిన్న టై కూడా కుట్టి ఉంది.

“చెల్లీ, ఇది తీసుకో. బాబుకి. మనసులో పెట్టుకోకు. మేం మంచి కోసమే చేశాం. రోజులు బాగాలేవు కదా, మా చోట నువ్వున్నా అదే చేస్తావు.” గబగబా మాట్లాడుతోంది, మాట ఆగితే ఏమవుతుందోనని. “ఎంత ముద్దొస్తున్నాడో చూడు, ఈ బట్టల్లో యువరాజులా...”

“ఆపు” అంది వహీబా.

అంతవరకూ అమ్మా, మీరు అన్న నోటితోనే అంది. ఇంకా అంది.

“మీ చోట నేనుంటేనా? మీ చోటికి నన్నెవరు రానిస్తారు? నీ ఒళ్ళో నీ తెల్లటి పిల్లాడు పడుకుంటే, ఎవరి పిల్లాడని ఎవరైనా అడిగారా నిన్ను? ఒక్కసారైనా? మంచి కోసమట! నా పిల్లాణ్ణి నా నుంచి కాపాడారు. వాడి ఊపిరి ఆగేదాకా కాపాడారు. మా అమ్మకి కూడా చెప్పని మాట నడివీధిలో నా నోట్లో చెయ్యి పెట్టి లాగారు. ఇప్పుడు నిక్కరు తెచ్చావా?”

నెర్మీన్ కవరు పట్టుకుని అలాగే నిలబడింది. ముసలావిడ మాత్రం వహీబా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

“నడిచాడా ఇంకా?”

“లేదు హాజ్జా, లేదు పెద్దమ్మా. నిలబడుతున్నాడు.” వహీబా వాడి పెదాల మీంచి చూపు తీసింది. “చెప్పేశాను హాజ్జా. అంతా చెప్పేశాను. ఇన్నాళ్ళు కట్టుకొచ్చిన ముడి...”

“నువ్వు చెప్పలేదు తల్లీ, వాళ్ళు లాక్కున్నారు.”

వహీబా ఆ మాట విని తల అడ్డంగా ఊపింది. మంచిమాటే. కానీ మంచిమాటల మీద పిల్లాణ్ణి పెట్టి నిద్రపోయే ధైర్యం ఆమెకి లేదు. ఎవరు లాగితేనేం, ముడి విడిపోయింది. మళ్ళీ కట్టాలి. మళ్ళీ కొత్త చేతుల దగ్గర.

తలెత్తి చూసింది. ఎదురుగా కొత్త చేతులే ఉన్నాయి.

పాలు తాగుతున్న పిల్లాణ్ణి ఎడమచేత్తో పట్టుకుని కుడిచెయ్యి చాపింది. సందులో గుమ్మాల ముందు చాపినట్టు తలవంచి కాదు. కళ్ళల్లోకి చూస్తూ.

“ఇవ్వండి” అంది. “కొత్తది కాదు. దుకాణానిది కాదు. మీ ఒంటిది, మీ పిల్లలది, పాత గుడ్డ. అడుక్కునేదాన్నన్నారుగా. అడుక్కుంటున్నాను. ఇవ్వండి.”

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ముసలావిడ తన నల్లటి పైగుడ్డ అంచు పళ్ళతో కొరికి, చర్రున చించి ఆ చేతిలో పెట్టింది. లావుపాటావిడ సంచీలో తడుముకుని, కూరగాయల అడుగు నుంచి మనవడి ఉమ్మిగుడ్డ తీసింది. టమాటా రసం అంటింది దానికి. తుడవబోతే వహీబా లాక్కుంది. దాలియా చేతికి కట్టుకున్న పూల గుడ్డ ముడి విప్పలేక విప్పలేక విప్పి ఇచ్చింది. నెర్మీన్ వంతు చివరిది. కోటు జేబులు వెతికింది. కళ్ళద్దాలు తుడుచుకునే చేతిరుమాలు, మూల మీద దారంతో ఒక అక్షరం కుట్టి ఉన్నది, దొరికింది. ఒక్క క్షణం దాన్ని చూసుకుంది. “మా అమ్మ కుట్టింది” అంది, ఎవరూ అడక్కుండానే.

వహీబా చెయ్యి అలాగే చాపి ఉంది. నెర్మీన్ ఇచ్చింది.

ఇచ్చినవాళ్ళకి కృతజ్ఞత చెప్పకూడదు. అదీ ఆ నియమంలో భాగమే. అడుక్కున్నన్నాళ్ళూ ఉమ్ మీనా లాంటివాళ్ళకి ఓ మంచిమాట చెప్పలేక ఆమె గొంతు నొక్కుకుంది. ఆ మధ్యాహ్నం మాత్రం ఆ నియమం ఆమెకి చల్లటి నీళ్ళు తాగినంత సుఖంగా ఉంది. ముక్కలన్నీ వరసగా మడిచి, గౌను లోపల పిల్లాడి గుండెల మీద దోపింది. టోపీ సర్దింది. బకెట్టు అందుకుంది.

బాకోస్ ట్రాము వచ్చి ఆగింది. వహీబా లేచి ఆడవాళ్ళ పెట్టెలోకే ఎక్కింది, ఇంకెక్కడెక్కుతుంది. ముసలావిడ ఆకుకూర కట్టతో వెనకే ఎక్కింది. రెండో బిల్డింగు మెట్లు అలాగే ఉన్నాయి, ఈపాటికి కాపలాదారు తిట్టుకుంటూ ఉంటాడు. లోపలున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. నల్లటి ఆడదాన్ని, తెల్లటి పిల్లని. ఆమె ఎవరి చూపుకీ జవాబివ్వకుండా, పిల్లాణ్ణి రెండు చేతులా చుట్టుకుని కూర్చుంది. వాడు నిద్రలో ఇంకా వెక్కుతున్నాడు. వెక్కినప్పుడల్లా ఆమె చేతులు బిగుస్తున్నాయి. ఇంకెప్పుడైనా, ఎవరు ఎంత మెత్తగా అడిగినా, ఆ చేతులు వదలవు.

ట్రాము కదిలింది. ప్లాట్‌ఫారం మీద ముగ్గురు ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక, ఖాళీ బెంచీ మీద, మెరిసే కవరులో చిన్న టైతో సహా మడతపెట్టిన నీలం సూటు, ఎవరూ ముట్టుకోకుండా, ఎండకి తళతళలాడుతూ ఉంది.